ట్రస్టీ అన్నచోట పెట్టిన సంతకం

న్యూజెర్సీలో చిన్న ఐటీ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. పద్దెనిమిది మంది ఉద్యోగులు. వాళ్ల జీతంలో కొంత కోసి, 401కె అనే రిటైర్మెంటు పొదుపు ప్లానులో జమచేస్తాం. 2021 అక్టోబరులో మా కుర్రాడొకడు ఫోను చేశాడు. "అన్నా, ఆగస్టు, సెప్టెంబరు జీతాల్లో 401కె కోత చూపించారు. ఖాతాలో జమ కనిపించడం లేదు."

నిలదీయలేదు, అడిగాడంతే. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఒక పెద్ద క్లయింటు బిల్లు రెండు నెలలు ఆగిపోయింది. ఉన్న డబ్బుతో ముందు జీతాలు ఇచ్చి, 401కె సొమ్ము బిల్లు రాగానే కడదామనుకున్నాను. ఒక్క డాలరూ ఇంటికి తీసుకెళ్లలేదు కాబట్టి తప్పు చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు లాయరు ప్లాను పత్రాల చివరి పేజీ నా వైపు తిప్పింది. ట్రస్టీ, అంటే ప్లాను సొమ్ముకు బాధ్యుడు, అన్నచోట నా సంతకం. "కంపెనీ ఎల్‌ఎల్‌సీ కదా, బాధ్యత కంపెనీ దగ్గరే ఆగుతుంది, నా ఇంటి దాకా రాదు కదా?" అన్నాను. వస్తుందన్నది. ఉద్యోగుల రిటైర్మెంటు ప్లానులను కాపాడే 1974 నాటి ఎరిసా చట్టం 409వ సెక్షన్ ప్రకారం, బాధ్యత తప్పిన ట్రస్టీ ప్లానుకు కలిగిన నష్టాన్ని తన సొంత ఆస్తి నుంచి పూడ్చాలి. జీతంలో కోసిన సొమ్మును వేరుచేసే వీలు కలగగానే అది ప్లాను ఆస్తి అవుతుంది. దాన్ని కంపెనీ దగ్గరే ఉంచుకోవడమంటే, ఉద్యోగులకు చెప్పకుండా వాళ్ల దగ్గర అప్పు తీసుకోవడమే.

తర్వాతి నెల పదిహేనో పనిదినం దాకా గడువుందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అది గడువు కాదు, దాటకూడని చివరి హద్దు. వందమంది లోపు సభ్యులున్న ప్లానులో ఏడు పనిదినాల్లో కట్టేస్తే ఆలస్యమన్న మాట రాదు. మేము అంతకుముందు మూడో రోజుకే కట్టేవాళ్లం. ఇప్పుడు వీలు కాలేదని చెప్పడానికి మా లెక్కల పుస్తకమే అడ్డు. ఇక ప్లాను కోసం తీసుకున్న బాండ్ (హామీ బీమా) ఉందన్న ధీమా కూడా పోయింది. ప్లాను నిధిలో పది శాతానికి తీసుకునే ఆ బాండ్ ఉద్యోగుల సొమ్ముకు రక్షణ, నాకు కాదు. ట్రస్టీని కాచే బీమా వేరే ఉంటుంది. నేను తీసుకోలేదు.

అప్పుడు లాయరు మరో సంతకం మీద వేలు పెట్టి, "ఈవిడ ఎవరు?" అని అడిగింది.

మా ఆవిడ. రెండో ట్రస్టీగా ఎవరో ఒకరు ఉండాలని నేనే ఆమె పేరు రాయించాను. వంటింట్లో నిలబడి, చదవకుండానే, నా మీద నమ్మకంతో సంతకం పెట్టింది. తోటి ట్రస్టీ తప్పు చేయకుండా చూసుకోవలసిన బాధ్యత రెండోవారి మీదా ఉంటుందట. నా ఆలస్యానికి ఆమె కూడా జవాబు చెప్పాలి. ఈ మాట ఇంటికి వెళ్లి చెప్పడం కన్నా కష్టమైన పని ఆ ఏడాది నేను చేయలేదు.

ఇంటి మీద అప్పు తీసి మొత్తం కట్టాను. ఆలస్యమైన రోజులకు ఒక్కొక్కరికి ఎంత రాబడి పోయిందో కార్మిక శాఖ కాలిక్యులేటరుతో లెక్కగట్టి జమచేశాను. ఆ పోయిన రాబడి మొత్తం మీద 15 శాతం ఎక్సైజ్ పన్ను కట్టాను. జరిగింది దాచకుండా అందరికీ ఉత్తరం రాశాను. ఫోను చేసిన కుర్రాడికి వచ్చింది పంతొమ్మిది డాలర్లు.

మా ఆవిడ పేరు తీయించేస్తానన్నాను. "ఉండనివ్వండి. కట్టిన ప్రతిసారీ రసీదు మాత్రం నాకు చూపించండి" అంది. జీతాల శుక్రవారం సాయంత్రం ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాం. పద్దెనిమిది పేర్లూ ఆమె చదువుతుంది, అంకెలు నేను చెబుతాను.