పటమట ట్యాంకు మోటారు మోడల్: సిగ్నల్స్‌కి హద్దులు పెట్టిన వారం

విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంట్ డాబా మీద సిమెంటు ట్యాంకు ఉంది. సంపులోంచి దానికి నీళ్ళు ఎక్కించే మోటారుని ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడిపించాలని రెండు నెలలుగా ఆదివారాలన్నీ దీని మీదే పెడుతున్నాను. బోర్డులోకి ఎక్కించే ముందు మొత్తం సిమ్యులింక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో బ్లాకులుగా గీసి నడిపి చూస్తాను, ఎందుకంటే ఇందులో తప్పు దొర్లితే పొద్దున్నే పన్నెండు ఇళ్ళకి నీళ్ళుండవు.

కొలతలు ముందే చెప్పేస్తాను. అల్ట్రాసోనిక్ సెన్సర్ ట్యాంకు అడుగు నుంచి 180 సెంటీమీటర్ల ఎత్తులో, మూత కింద ఉంటుంది. నీళ్ళు 150 దాకా వస్తే మోటారు ఆగాలి, 60కి దిగితే మళ్ళీ ఆన్ అవ్వాలి. సెన్సర్ మనకి దూరం ఇవ్వదు, శబ్దం వెళ్ళి నీళ్ళని తాకి తిరిగొచ్చిన టైముని మైక్రోసెకన్లలో ఇస్తుంది, సెంటీమీటరు దూరానికి 58 అని లెక్క. నాకు మిల్లీమీటర్లలో కావాలి కాబట్టి ఎకో టైముని (ఆ తిరిగొచ్చిన టైముని) ముందు 10తో హెచ్చించి తర్వాత 58తో భాగించాను. ఆ దూరాన్ని సెన్సర్ ఎత్తులోంచి తీసేస్తే నీళ్ళ మట్టం వస్తుంది.

మోడల్ అంతా డబుల్ టైప్‌లో (దశాంశ సంఖ్యల్లో) ఉన్నప్పుడు గ్రాఫ్ చక్కగా వచ్చింది. ఊనోలో ఆ లెక్కలు నెమ్మదిగా నడుస్తాయని పోయిన శనివారం సిగ్నల్స్‌ని ఒక్కొక్కటిగా పూర్ణాంకాల్లోకి మార్చాను, 10తో హెచ్చించే గెయిన్ బ్లాక్ అవుట్‌పుట్‌ని కూడా యుయింట్16 (మైనస్ లేని 16 బిట్ల పూర్ణాంకం) అని చేత్తో పెట్టాను. రన్ చేస్తే ట్యాంకు మట్టం 67 సెంటీమీటర్ల దాకా మామూలుగా దిగింది, అక్కడి నుంచి ఒక్కసారిగా 180కి ఎగిరింది, ఆ తర్వాత ట్యాంకు పూర్తిగా ఎండిపోయినా మోటారు ఆన్ కాలేదు.

గ్రాఫ్ చూపించే స్కోప్‌లో ఆ ఒక్క చోటినే పెద్దది చేసి చూశాను. నీళ్ళు 67 దగ్గరున్నాయంటే సెన్సర్‌కి దూరం 113, ఎకో 6554. దాన్ని 10తో హెచ్చిస్తే 65540. యుయింట్16లో పట్టేది 65535 వరకే, దాటింది మొదటికి తిరిగి 4 అయిపోయింది. నాలుగుని 58తో భాగిస్తే సున్నా, అంటే నీళ్ళు సెన్సర్‌ని తాకుతున్నాయని అర్థం! ఖాళీ ట్యాంకుకి కూడా లెక్క వేశాను: ఎకో 10440 కాస్తా 104400 అయి, అందులో 65536 పోగా 38864 మిగిలి, దూరం 67 సెంటీమీటర్లుగా, నీళ్ళు 113గా కనపడుతున్నాయి. ఈ లెక్కన 60 అనే అంకె ఎప్పటికీ రాదు, మోటారు ఎప్పటికీ వెయ్యదు.

నన్ను బాగా కలవరపెట్టింది ఏంటంటే సిమ్యులింక్ దీని గురించి ముందే చెప్పింది. ఓవర్‌ఫ్లో అయి సంఖ్య చుట్టి వస్తోందని పసుపు వార్నింగ్ వచ్చింది, మిగతా వార్నింగుల మధ్య అది నేను చదవలేదు. ఇప్పుడు సెట్టింగ్స్‌లో డయాగ్నస్టిక్స్, అందులో డేటా వాలిడిటీకి వెళ్ళి ‘రాప్ ఆన్ ఓవర్‌ఫ్లో’ని వార్నింగ్ నుంచి ఎర్రర్‌కి మార్చాను. దాంతోపాటే ‘సిమ్యులేషన్ రేంజ్ చెకింగ్’ కూడా ఎర్రర్ చేశాను, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కాబట్టి బ్లాకులో కనిష్ఠం, గరిష్ఠం రాసుకుని ఊరుకుంటే రన్ అయ్యేటప్పుడు ఎవరూ చూడరు. గెయిన్‌కి ముందు ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే యుయింట్32లోకి మార్చే బ్లాక్ పెట్టి, గెయిన్ అవుట్‌పుట్‌ని కూడా యుయింట్32 చేశాక మట్టం సరిగ్గా దిగింది.

తర్వాత సెన్సర్ సిగ్నల్ మోడల్‌లోకి వచ్చే చోటే సిగ్నల్ స్పెసిఫికేషన్ బ్లాక్ పెట్టాను. అది దేన్నీ మార్చదు. ఈ లైనులో వచ్చేది యుయింట్16, ఒకే విలువ, 0.1 సెకనుకి ఒకసారి అని మనం రాస్తాం, వచ్చే సిగ్నల్ అలా లేకపోతే మోడల్‌ని సరిచూసే కంట్రోల్-డి నొక్కగానే ఎర్రర్ ఇస్తుంది. పెట్టిన రోజే పనికొచ్చింది. సంపు సెన్సర్‌ని కూడా మక్స్‌తో (సిగ్నల్స్‌ని ఒకే లైనుగా కలిపే బ్లాక్‌తో) కలిపి అదే లైనులోకి పంపి ఉన్నాను, కూడిక, తీసివేత బ్లాకులు రెండు విలువలనీ కిమ్మనకుండా తీసుకుని మట్టం కూడా రెండుగా ఇస్తూ వచ్చాయి. ఏ బ్లాక్ ఎంత సేపటికోసారి నడుస్తుందో చూపే శాంపిల్ టైమ్ రంగులు ఆన్ చేస్తే సగటు తీసే ఫిల్టర్ ఎరుపులో కాకుండా ఆకుపచ్చలో కనపడింది, అంటే 0.1 బదులు 1 సెకనుకి ఒకసారి నడుస్తోంది. దాని శాంపిల్ టైమ్‌ని నేను స్వయంగా రాయకుండా వదిలేశాను. అంకె రాసేశాను, కంట్రోల్ వైపు లైనులో రెండు వేగాల్ని కలిపే రేట్ ట్రాన్సిషన్ బ్లాక్ పెట్టాను.

ఎక్కువసేపు పట్టింది మాత్రం రేంజ్ దగ్గర. కనిష్ఠం 1160 పెట్టాను, అంటే 20 సెంటీమీటర్లు. గడువు లోపు పల్స్ రాకపోతే ఆర్డునోలో ఎకోని కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్ సున్నా ఇస్తుంది, సున్నా అంటే ట్యాంకు నిండినట్టే లెక్క, దాన్ని ఇక్కడే ఆపాలి. గరిష్ఠం 180 సెంటీమీటర్లకి సరిగ్గా 10440 రాశాను, అది తప్పు. శబ్దం వేగం గాలి వేడిని బట్టి మారుతుంది, సుమారుగా 331.3కి డిగ్రీకి 0.606 చొప్పున కలుపుకోవాలి, సెకనుకి మీటర్లలో. జనవరి తెల్లవారుజాము అనుకుని 18 డిగ్రీలు ఇస్తే ఖాళీ ట్యాంకు ఎకో సుమారు 10520 అయి, హద్దు దాటి మోడల్ ఆగిపోయింది. హద్దుని 11000 చేశాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తె కోసం 45 డిగ్రీలతో కూడా నడిపాను, అప్పుడు 100 సెంటీమీటర్ల దూరం 96గా కనపడుతోంది, అంటే నీళ్ళు ఉన్నదానికంటే 4 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మోటారు కాస్త ముందే ఆగుతుంది, పొంగదు, కాబట్టి ప్రస్తుతానికి ఒప్పుకున్నాను.

మోడల్ ఎర్రర్ ఇచ్చి ఆగినట్టు బోర్డు ఆగదు కదా, అందుకని హద్దు దాటిన రీడింగ్ వస్తే దాన్ని వదిలేసి పాతదే పట్టుకునేలా, వరసగా 20 సార్లు అలాగే వస్తే మోటారు ఆపి బజర్ మోగించేలా స్విచ్ బ్లాకులతో కలిపాను. ఈ ముక్క మా వాచ్‌మన్ బాబాయికి చెప్తే, “బజర్ మోగితే నేను చేత్తో వేసుకోవచ్చా బాబూ?” అని అడిగాడు. ఆ సంగతి నా మోడల్‌లో లేనే లేదు. చేత్తో వేసే స్విచ్‌ని బూలియన్ (ఆన్ లేదా ఆఫ్ మాత్రమే ఉండే) ఇన్‌పుట్‌గా ఈ రాత్రే కలిపాను, దానికీ ఒక స్పెసిఫికేషన్ బ్లాక్ పెట్టాను. వచ్చే ఆదివారం బోర్డులోకి ఎక్కించి, మోటారు కలపకుండా రిలే (బోర్డు ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వరకే నడిపి చూస్తాను.