ఒకే సంకేతానికి రెండు జవాబులు: గుండె కణాలు తయారుచేసిన నా అనుభవం

మూలకణాల నుంచి గుండె కండర కణాలు తయారుచేసే పద్ధతి కాగితం మీద చూస్తే చాలా చిన్నది. సున్నా రోజున చిర్-99021 అనే రసాయనం వేయాలి, 24 గంటలకు తీసేయాలి. మూడో రోజు ఐడబ్ల్యూపీ-2 వేయాలి, ఐదో రోజు దాన్నీ తీసేయాలి. ఆ తర్వాత మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) మారుస్తూ ఎదురుచూడటమే. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని ఇదే.

మేము వాడేవి ఐపీఎస్ కణాలు, అంటే మామూలు కణాలను వెనక్కి తిప్పి తయారుచేసిన మూలకణాలు. షిన్యా యమనాకా బృందం 2006లో ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ (సంధాయక కణజాల) కణాలలో నాలుగు జన్యువులను పనిచేయించి, వాటిని మళ్లీ మూలకణాల స్థితికి తీసుకెళ్లింది. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. ఏ కణమైనా కాగల సత్తా వాటికి ఉంది. వాటిని ఒక దారి పట్టించడమే నా పని.

మొదట్లో నాకు కొరుకుడుపడని సంగతి ఒకటుంది. కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల్లో వింట్ ఒకటి. చిర్ చేసేది ఆ వింట్ సంకేతాన్ని పెంచడం. ఐడబ్ల్యూపీ-2 చేసేది అదే సంకేతాన్ని ఆపడం. మూడు రోజుల తేడాలో పూర్తిగా వ్యతిరేకమైన పనులు, రెండూ గుండె కోసమే! సంకేతం నడిచే తీరు వివరంగా చదివాకే ఇందులోని తర్కం తెలిసింది. మామూలుగా కణంలో బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు నాశనమవుతూనే ఉంటుంది. దానికి నాశనం కావాల్సినదిగా గుర్తు వేసే ఎంజైముల్లో జీఎస్‌కే-3 ముఖ్యమైనది. చిర్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో బీటా-కెటెనిన్ పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, జన్యువులను మేల్కొలుపుతుంది. అలా మేల్కొనే జన్యువుల్లో యాక్సిన్-2 ఒకటి. అది తిరిగి బీటా-కెటెనిన్‌నే తగ్గిస్తుంది. అంటే సంకేతం తన కళ్లేన్ని తానే తయారుచేసుకుంటుంది. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ఇక ఆచరణలో, అదే ప్లేట్, అదే మీడియం, అయినా ఒక బ్యాచ్ వస్తే ఇంకోటి రాదు. టెన్షన్‌గా ఉండేది. చివరికి ఒకే ప్లేట్‌లో ఒక వైపు కణాల సాంద్రత, ఇంకో వైపు చిర్ మోతాదు మార్చుకుంటూ పోయాను, 6 నుంచి 12 మైక్రోమోలార్ వరకు. కణాలు పల్చగా ఉంటే చిర్‌కు చచ్చిపోతున్నాయి, మరీ కిక్కిరిసి ఉంటే స్పందించడం లేదు. పైగా ఒక కణ వంశానికి సరిపోయిన మోతాదు ఇంకోదానికి సరిపోదు. పక్క కణాలు విడుదల చేసే సంకేతాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి కణం ఒంటరిగా నిర్ణయం తీసుకోదు.

చిర్ వేసిన మర్నాడు ప్లేట్ చూస్తే గుండె జారిపోతుంది. మీడియం నిండా తేలే చచ్చిన కణాలే. మా సీనియర్ అక్క మాత్రం, "ఇప్పుడే పారేయకు, అడుగున అతుక్కున్నవి చూడు" అంది. నిజంగానే అడుగున ఉన్నవి ఆకారం మార్చుకుంటున్నాయి. వాటిలో బ్రాకియురీ అనే ప్రోటీన్ కోసం పరీక్ష చేస్తే చాలా కేంద్రకాలు వెలిగాయి. కండరాలు, రక్తం, గుండె పుట్టే మీసోడెర్మ్ పొరకు అది గుర్తు. కణాలు మొదటి మలుపు తిరిగాయన్నమాట. ఇక్కడి నుంచి వింట్ కొనసాగితే గుండె దారి మూసుకుపోతుంది. ఐడబ్ల్యూపీ-2 అవసరం అందుకే. కణాలు తమ వింట్‌ను బయటికి పంపకుండా అది ఆపుతుంది. ఏడో రోజు దాకా ఇన్సులిన్ లేని మీడియమే వాడాలి, ఎందుకంటే తొలి దశలో ఇన్సులిన్ గుండె కణాల సంఖ్యను తగ్గిస్తుంది.

ఆ తర్వాత ఒక ఉదయం మైక్రోస్కోప్ కింద ప్లేట్‌లోని ఒక గుంట అంచున చిన్న ముక్క కదిలింది. ప్లేట్ కదిలిందేమో అనుకుని చేయి తీసేసి చూశాను. మళ్లీ కదిలింది, ఒకే లయలో. రెండు రోజుల్లో ఆ కదలిక పొర అంతా పాకింది. ఆనందంతో ల్యాబ్‌లో ఉన్నవాళ్లందరినీ పిలిచాను.

నిర్ణయం ఖరారవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. కొట్టుకుంటున్న ఈ లేత గుండె కణాలకు మళ్లీ చిర్ ఇస్తే అవి వెనక్కి మీసోడెర్మ్ కావు. గుండె కణాలుగానే ఉంటూ, విభజన చెంది సంఖ్య పెరుగుతాయి. రసాయనం అదే, బీటా-కెటెనిన్ అదే. మారింది కణం. ఈపాటికి అందులో కొన్ని జన్యువుల దగ్గర క్రోమాటిన్ (డీఎన్‌ఏ, ప్రోటీన్లు కలిసిన చుట్ట) తెరుచుకుంది, కొన్నిటి దగ్గర మూసుకుంది. ఎన్‌కేఎక్స్2-5 లాంటి ప్రోటీన్లు గుండె జన్యువులను పట్టుకుని కూర్చున్నాయి. అందుకే వచ్చే సంకేతం వేరే జన్యువులను కదిలిస్తుంది.

వచ్చినవన్నీ గుండె కణాలే కావు. గ్లూకోజ్ తీసేసి లాక్టేట్ ఇస్తే గుండె కణాలు దానితో బతుకుతాయి, మిగతావి చాలావరకు పోతాయి. అప్పుడు గుండె కండర కణాల గుర్తయిన ట్రోపోనిన్-టి ప్రోటీన్ చూసుకుని, ఎన్ని గుండె కణాలో లెక్క తేల్చుకోవాలి. అయినా ఇవి పెద్దవాళ్ల గుండె కణాల్లా ఉండవు, గర్భస్థ శిశువు కణాలకే దగ్గర.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా సాంద్రత, చిర్ మోతాదుల ప్లేట్ ఒకటి వేసుకోండి. రెండో రోజుకల్లా బ్రాకియురీ సరిగా కనిపించకపోతే ఆ బ్యాచ్ అక్కడితో ఆపేయండి, పన్నెండో రోజు దాకా మీడియం పోస్తూ కూర్చోకండి.