పొద్దెక్కినాక కనిపించిన కిటికీ

మెదక్ చర్చి నుంచి ఇందాకే మా ఊరు, మహారాష్ట్రలోని దెగ్లూరు చేరాం. రాత్రి పదకొండు దాటింది. మా ఆయన కాలు వాచింది, నా గొంతు బొంగురుపోయింది, అత్తమ్మ చెప్పులు కూడా విప్పకుండా పడుకుంది. రేపు పొద్దున్నే స్కూలుంది నాకు, అయినా ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయనని తెలుసు.

మొక్కు సంగతి ముందు చెప్పాలి. పోయినేడు, అంటే 2024లో, మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి కదా, ఆ క్రిస్మస్‌కి ఎలాగైనా పోవాలని మా సంఘం వాళ్లం రెండు నెలల ముందే బండి మాట్లాడి పెట్టుకున్నాం. డిసెంబర్ 22న మా ఆయన బైకును హైవే మీద లారీ గుద్దింది. 24 రాత్రి అందరూ మెదక్ బండెక్కుతుంటే నేను ఐసీయూ బయట స్టీలు కుర్చీలో కూర్చున్నాను. ఆ వరండాలో ఎవరో కుర్రాడు శాంటా టోపీ పెట్టుకుని, దూది గడ్డంతో, అందరికీ చాక్లెట్లు పంచుతూ వచ్చి నా చేతిలోనూ ఒకటి పెట్టి హ్యాపీ క్రిస్మస్ మేడం అన్నాడు. పాపం అతని తప్పేముంది, కానీ నాకు ఎంత మండిందంటే ఆ చాక్లెట్ తినలేదు, పారేయలేదు, హ్యాండ్‌బ్యాగ్ అరలో కరిగి అతుక్కుని ఇప్పటికీ అలాగే ఉంది. ఆ రాత్రే మొక్కుకున్నాను, ప్రభువా ఈయన లేచి నడిస్తే వచ్చే పండుగకి మెదక్ తీసుకొస్తాను, ఏసయ్య పుట్టుక బొమ్మ ఉన్న ఆ అద్దాల కిటికీ ముందు నిలబెడతాను అని. కిటికీయే ఎందుకంటే అత్తమ్మ ప్రతి డిసెంబర్‌లో ఆ రంగుటద్దాల గురించే చెప్తుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజం మీద కూర్చుని చూసిందట. అప్పట్లో మా నాందేడ్ జిల్లా, ఆ మెదక్ అన్నీ నిజాం రాజ్యంలోవే, మధ్యలో ఇప్పటిలా సరిహద్దు లేదు.

ఆసుపత్రిలో పందొమ్మిది రాత్రులు గడిపాను. నిద్ర పట్టక ఫోన్‌లో క్రిస్మస్ గురించి దొరికిందల్లా చదివాను. ఆ టోపీవాడి మీద కోపమే మొదట చదివించింది. శాంటా అసలు మనిషి మైరా ఊరి బిషప్ నికొలాస్ అనీ, ఆయన పండుగ డిసెంబర్ 6 అనీ, డచ్చివాళ్లు ఆయన్ని సింటర్‌క్లాస్ చేస్తే అమెరికావాళ్లు లావుగా, నవ్వుతూ, జింకల బండి మీద కూర్చోబెట్టారనీ తెలిశాక కోపం కాస్త తగ్గింది. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ బొమ్మని ఊరూరా తిప్పాయి. ఎర్ర కోటు మాత్రం అంతకుముందే ఉంది, ఆ కంపెనీయే వేయించిందని అందరూ అంటారు గానీ తప్పు.

నేను ఇక్కడ మరాఠీ స్కూల్లో చరిత్ర చెప్తాను. మొన్న ఏడో తరగతిలో ముందు బెంచీ పిల్లాడు లేచి, మేడం, నాతాళ్ (మరాఠీలో క్రిస్మస్) అంటే సాంతాక్లాజ్ పుట్టినరోజు కదా అన్నాడు. క్లాసంతా అవునంది. నేను నవ్వేసి, వచ్చాక చెప్తానన్నాను.

ప్రయాణం గురించి చెప్పేదేం లేదు. మద్నూర్ దాటాం, పిట్లంలో టీ తాగాం, ఎల్లారెడ్డి దగ్గర అత్తమ్మకు వాంతి అయింది, అంతే. మెదక్ ఇంకా రాకముందే పోలీసులు బండి ఆపేసి, ఇక్కణ్ణించి నడవండి అన్నారు. కాల్లో రాడ్డు ఉన్న మనిషి ఎట్లా నడుస్తాడయ్యా అంటే, ఆటో లేదమ్మా, లక్షల మంది, మేమేం చేస్తాం అన్నారు. నడిచాం. దారి పొడవునా బజ్జీల బండ్లు, గాజులు, పీపీలు, మెరిసే టోపీలు, కొవ్వొత్తులు అమ్మే పిల్లలు, జనం జనాన్ని తోసుకుంటూ. ఆ గోపురం 175 అడుగులట, చీకట్లో లైట్లు పెట్టారు గనక దూరం నుంచే కనపడింది, మా ఆయన ఆగి ఆగి, అదిగో వచ్చింది అంటాడు, అది మాత్రం దగ్గరికి రాదు.

తెల్లవారుజామున మొదటి ఆరాధనకి లోపలికి పోవాలని మా ఆశ. క్యూలో గంటన్నర నిలబడ్డాం. ముందున్నవాళ్లు వీడియో కాల్‌లో ఎవరికో చర్చి చూపిస్తున్నారు, వెనకున్నవాళ్లు ఈయన కర్రని తన్నేస్తున్నారు. ఇంగ్లండులో ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టెంట్లు 1647లో క్రిస్మస్‌నే రద్దు చేశారనీ, అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి పండుగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అనీ చదివినప్పుడు ఎంత మొండివాళ్లో అనుకున్నాను. తాగుడు, జూదం, అల్లరి తప్ప ఇందులో క్రీస్తు ఎక్కడున్నాడు, వాక్యంలో ఈ తేదీ ఎక్కడుంది అని వాళ్ల వాదన. ఆ క్యూలో నిలబడ్డప్పుడు మాత్రం వాళ్లు నాకు బాగా నచ్చారు, దేవుడు క్షమించాలి.

ఒక తోపుకి ఈయన పడబోయాడు. అంతే, నాకు టెన్షన్ వచ్చేసి, మొక్కూ వద్దు ఏమీ వద్దు అని పక్కకి లాక్కొచ్చేశాను. మైదానంలో మంచు దిగుతోంది. అక్కడ ఒక ముసలమ్మ గొంగడి పరుచుకుని కూర్చుంది, నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ, పక్కన సంచీలో కొబ్బరికాయ, కొవ్వొత్తుల కట్ట. ఈయన కుంటడం చూసి, నేనేమీ అడగకుండానే జరిగి చోటిచ్చింది. తర్వాత గొంగడి లేపి సగం ఈయన కాళ్ల మీద కప్పింది.

"గీ చీకట్ల లోపటికి వోయి ఏం జూస్తరు బిడ్డా? అద్దాల బొమ్మ నల్లగనే ఉంటది. పొద్దు వొడిస్తెనే గనవడ్తడు ఏసయ్య."

ఏడేళ్ల నుంచి వస్తోందట, మనవడికి మాట వచ్చిందని మొక్కు. వాళ్లింట్లో ఎవరూ మన మతం కాదు. ఆమెకి ఇది ఏసయ్య జాతర. అత్తమ్మ మొదట కొబ్బరికాయ వంక కొంచెం అదోలా చూసింది గానీ, చలికి తనూ గొంగడిలోకి దూరాక ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ గొంగడి వాసన గొర్రెల వాసన. కురుమలు నేసింది. డిసెంబర్ చలిలో గొర్రెల కాపరులు రాత్రిళ్లు పొలంలో ఉంటారా, కాబట్టి ఏసు పుట్టాడనే ఆ తేదీ తప్పు అని చాలామంది వాదిస్తారు. బేత్లెహేము చలి వేరు, అది అక్కడ వానల కాలం, ఒప్పుకుంటా. మా వైపు మాత్రం ఈ చలిలోనే చేలల్లో మంద పెట్టి, గొంగడి కప్పుకుని మంట పక్కన కాపలా ఉంటారు, లూకా సువార్త రెండో అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు వాళ్లే కనపడతారు. ఆ అధ్యాయంలో తేదీ లేదు, మత్తయిలోనూ లేదు. డిసెంబర్ 25 అనేది మనకి మొదట దొరికేది రోమ్‌లో 354 నాటి ఒక క్యాలెండర్ పుస్తకంలో. తమాషా ఏమిటంటే అదే పుస్తకంలో, అదే తేదీకి, ఇంకో పేజీలో, ఓటమి లేని సూర్యుడి పుట్టినరోజు అని ఉంది. 274లో ఔరేలియన్ చక్రవర్తి ఆ సూర్యుడికి రోమ్‌లో గుడి కట్టించాడు. సూర్యుడి పండుగనే క్రైస్తవులు తీసుకున్నారని కొందరంటారు. మార్చి 25న మరియ గర్భం ధరించిందని లెక్కపెట్టి, తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరంటారు. ఆర్మేనియా చర్చి ఇప్పటికీ జనవరి 6నే చేస్తుంది.

ఆ క్యాలెండర్‌లో పుట్టినరోజుకి వాడిన మాట నతాలిస్. అదే పోర్చుగీసువాళ్ల నోట్లో నతాల్ అయి, మా మరాఠీలో నాతాళ్ అయింది. మా వీధిలో ముస్లింలు బడా దిన్ అంటారు, పెద్ద రోజు. ఏడాదిలో పగలు బాగా పొట్టిగా ఉండే రోజుల్లో ఒకదానికి ఆ పేరేంటని చిన్నప్పుడు నవ్వేదాన్ని. అక్కణ్ణించే కదా పగలు పెరగడం మొదలయ్యేది.

పొద్దు పొడిచింది. ముసలమ్మ లేవనివ్వలేదు, ఇంకా ఆగు, ఇంకా ఆగు అంది. పది గంటలకి, ఇప్పుడు పోండ్రి, కర్ర కనవడేటట్టు పైకి వట్టు, జాగ ఇస్తరు అని చెప్పి, తన కొవ్వొత్తులు నా చేతిలో పెట్టింది, తనకి ఆ తోపులాట చాతకాదట. కర్ర పైకి పట్టాం, నిజంగానే కొంచెం దారిచ్చారు. లోపలంతా హోరు, వాక్యం ఒక్క ముక్క వినపడలేదు. కిటికీ ఎదురుగా వచ్చేసరికి వాలంటీర్ కుర్రాడు నడవండి నడవండి అని అరుస్తున్నాడు. ఈయన ఆగిపోయాడు. కాలు మొరాయించిందో, కావాలనే ఆగాడో ఇప్పటికీ చెప్పడు. తలెత్తాను. తల్లి, బిడ్డ. మిగతావాళ్లెవరో చూసే టైమ్ లేదు. వెనకనించి వెలుగు కొడుతోంది, రాత్రి నల్లగా ఉందన్న అద్దం అదేనా అనిపించింది. అత్తమ్మ, నీలం నీలం, అదే నీలం అంటోంది. పది క్షణాలు ఉంటుందేమో. తోసేశారు.

బయటికొచ్చి కొవ్వొత్తులు వెలిగించాం. ముసలమ్మకి గొంగడి ఇచ్చేస్తుంటే అంచు పట్టుకుని చిరుగులు చూసుకుంది, కొత్తవేమైనా పడ్డాయేమోనని. నేను డబ్బివ్వబోతే తిట్టింది. చేతికేం దొరక్క బ్యాగ్ వెతికితే ఆ పాత చాక్లెట్ తగిలింది, దాన్నైతే ఇవ్వలేను కదా, అత్తమ్మ డబ్బాలో ఉన్న అరిసెలు ఆరు ఇచ్చాను. రెండు అక్కడే తిని, నాలుగు మనవడికని కొంగున కట్టుకుంది.

తిరుగు దారిలో ఈయన నిద్రపోయాడు. రేపు మూడో పీరియడ్ ఏడో తరగతి. ఆ పిల్లాడు గుర్తుపెట్టుకునే ఉంటాడు.