మా తాడిపత్రి చుక్క ఏదీ?

రెండేళ్ళ కింద వానాకాలంలో, రాత్రి పదకొండున్నరకు అక్క ఫోన్ చేసింది. సింగపూర్‌లో పదకొండున్నరంటే తాడిపత్రిలో తొమ్మిది. "రేయ్ అబ్బీ, పిల్లోనికి డెంగీ అంట. ప్లేట్‌లెట్లు నలభై వేలకు పడిపోయినాయి. నువ్వు ఆ పనిలోనే ఉండావు కదా, ఇది యాడ నుంచి వచ్చిందో చెప్పు."

నేను ఆ పనిలోనే ఉన్నాను. ఆరేళ్ళుగా ఇక్కడొక ల్యాబ్‌లో డెంగీ వైరస్ జన్యుక్రమం చదవడమే నా ఉద్యోగం. అయినా ఆ రాత్రి అక్కకు జవాబు చెప్పలేకపోయాను.

మా పనిలో చేతికి దొరికేది చాలా తక్కువ. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, దాన్నుంచి వేరు చేసిన ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం, ట్యూబు అడుగున ఒక చుక్క. వెలుతురుకు ఎత్తి చూస్తే నీళ్ళకీ దానికీ తేడా కనపడదు. గ్లవ్స్ లేని వేలు తగిలినా పాడైపోతుంది. ఆ చుక్కలో సుమారు 10,700 అక్షరాల రాత ఉంటుంది. దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చి, ముక్కలు ముక్కలుగా పెంచి, మెషిన్‌తో చదివిస్తాం.

వెనకటికి తాళపత్రాలు చూసి రాసేవాళ్ళు ఒకచోట తప్పు రాస్తే, ఆ ప్రతి చూసి రాసిన ప్రతులన్నింటిలోనూ అదే తప్పు వచ్చేది. ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో ఆ తప్పులే పట్టిస్తాయి. వైరస్‌దీ అదే కథ. దాని రాతలో ఏడాదికి ఏడెనిమిది అక్షరాలు మారిపోతుంటాయి. రెండు వైరస్‌ల మధ్య తేడాలు లెక్కపెడితే ఎన్నేళ్ళ కింద విడిపోయాయో తెలుస్తుంది. అలా అన్నీ కలిపితే వంశవృక్షం వస్తుంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఈ పనిలో నన్ను బాగా కదిలించింది మూడో రకం కథ. 1989కి ముందు కూడా శ్రీలంకలో డెంగీ ఉంది, కానీ ప్రాణం మీదికి తెచ్చే కేసులు అరుదు. 1989 నుంచి అవి ఎక్కువయ్యాయి. జన్యుక్రమాలు పోల్చి చూస్తే, మూడో రకంలో కొత్త శాఖ ఒకటి అక్కడ పాతదాన్ని తోసేసినట్టు తేలింది. మన ఉపఖండం వైపు పుట్టిన ఆ వంశమే తూర్పు ఆఫ్రికాకు పోయింది, 1994లో నికరాగువా, పనామాల్లో తేలింది. దోమ అంత దూరం ఎగరలేదు. ఒంట్లో వైరస్ ఉన్న మనిషి ప్రయాణం చేస్తాడు, దిగిన ఊర్లో దోమ కుడుతుంది.

సింగపూర్‌లో 2020లో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి. అప్పుడు ఏ రకం పెరుగుతోందో రక్తనమూనాల నుంచే కనిపెట్టారు. ఇక్కడ ఒక వీధిలో కేసులు గుంపుగా వస్తే బ్లాకు ముందు బ్యానర్ కడతారు, ఇల్లిల్లూ తిరిగి పూలకుండీ కింది పళ్ళెం కూడా ఎత్తి చూస్తారు.

మా వృక్షంలో సింగపూర్ కొమ్మ దట్టంగా ఉంటుంది. మనవైపు కొమ్మలు పలచన. మన దగ్గర వైరస్ తక్కువని కాదు, చదివినవి తక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. మా మేనల్లుడి రక్తాన్ని, డెంగీ వైరస్ ప్రోటీన్‌ని పట్టే ఎన్‌ఎస్‌1 కార్డు మీద పరీక్షించారు, గీత వచ్చింది, డెంగీ అన్నారు. ఆ నాలుగు రకాల్లో ఏదో ఆ కార్డు చెప్పదు. మిగిలిన సీరం పారబోశారు. వాడి వైద్యానికి రకం తెలియాల్సిన పనిలేదు, నిజమే. కానీ ఒక రకం వచ్చినవాళ్ళకు తర్వాత ఇంకో రకం వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. ఏ ఏడాది ఏ రకం తిరుగుతోందో ఊరికి తెలియాలి కదా.

అక్క ఇంకోటి అడిగింది. "వానే సరిగా పడని ఊర్లో డెంగీ ఏందిరా?" దానికి మాత్రం జవాబు నా దగ్గర ఉంది. వాన లేదు కాబట్టే నీళ్ళు పట్టి పెట్టుకుంటాం. మా పెరట్లో కడప బండలతో కట్టిన తొట్టి ఉంది. కుళాయి వచ్చిన రోజు నింపితే మళ్ళీ వచ్చేదాకా అవే. ఈ దోమకు కావాల్సింది అలాంటి నిలవ నీళ్ళే. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, గోడకు అంటించి పెడుతుంది. తొట్టి ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకే నీళ్ళు పారబోస్తే చాలదు, గోడలు పీచుతో రుద్దాలి.

పిల్లోడు వారానికి కోలుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ బొప్పాయి ఆకు రసం వల్లే అంటుంది. సెలైన్, సమయానికి చూసిన డాక్టర్ వల్ల అని నేనంటాను.

తాడిపత్రి నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లలో బెంగుళూరు ఉంది. అక్కడి ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్ళు 1956 నుంచి 2018 దాకా మన దేశంలో దొరికిన 408 డెంగీ జన్యుక్రమాలను కలిపి చూసి 2023లో ప్రచురించారు. అంటే మన దగ్గర చేతకాని పని కాదు. ఈసారి సెలవులో ఊరికి పోయినప్పుడు, పిల్లోన్ని చూసిన డాక్టర్‌గారిని కలిశాను. పాజిటివ్ వచ్చిన రక్తం ఒక్క బొట్టు ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టినా వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరకొచ్చని, బెంగుళూరుకో, పూనేలో వైరస్‌ల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఎన్‌ఐవీకో పంపే అనుమతుల గురించి కనుక్కోమని అడిగాను. ఆయన కాగితం తీసుకుని రాసుకున్నారు. "కడపటి ఊరోళ్ళం, మా రక్తం ఎవరికి కావాలబ్బా" అన్నారు. నాకు కావాలి సార్ అన్నాను.