న్యూయార్క్, షికాగో: ఎత్తు సంగతి పక్కన పెట్టి చూస్తే

2013 నవంబర్‌లో న్యూయార్క్, షికాగోల పాత పోటీ మీద ఒక తీర్పు వచ్చింది. వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఎత్తు 1,776 అడుగులనీ, ఇక అమెరికాలో ఎత్తయిన భవనం అదేననీ, ఇలాంటి లెక్కలు తేల్చే అంతర్జాతీయ మండలి ప్రకటించింది. నలభై ఏళ్లుగా ఆ బిరుదు షికాగో సియర్స్ టవర్‌ది. దాని ఇప్పటి పేరు విల్లిస్ టవర్. తమాషా ఏంటంటే తీర్పు చెప్పిన మండలి ఆఫీసు ఉన్నది కూడా షికాగోలోనే.

తగాదా అంతా న్యూయార్క్ భవనం నెత్తిన నిలబెట్టిన 408 అడుగుల కడ్డీ గురించి. అది శిఖరమా, యాంటెన్నానా? శిఖరమైతే భవనంలో భాగమని కొలతలో కలుపుతారు, యాంటెన్నా అయితే కలపరు. దాని చుట్టూ రావలసిన ఫైబర్‌గ్లాస్ తొడుగును ముందే తీసేశారు కాబట్టి అనుమానం వచ్చింది. చివరికి శిఖరమే అన్నారు. కడ్డీ పక్కన పెడితే మిగిలేది 1,368 అడుగులు, విల్లిస్ కప్పు 1,451. మనుషులు మసలే ఆఖరి అంతస్తు చూసినా విల్లిస్‌దే పైచేయి: 1,354కి 1,268. విల్లిస్ పైన జంట యాంటెన్నాలున్నాయి, వాటితో 1,729 వస్తుంది గానీ అవి లెక్కలోకి రావు. తర్వాత న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ టవర్ 1,550 అడుగులకు లేచి కప్పు ఎత్తు పంచాయితీ కూడా తీర్చేసింది.

కడ్డీతో గెలవడం న్యూయార్క్‌కి కొత్తేం కాదు. క్రైస్లర్ బిల్డింగ్ వాళ్లు వాల్ స్ట్రీట్‌లోని పోటీ భవనాన్ని దాటడానికి 185 అడుగుల ఉక్కు శిఖరాన్ని గుట్టుగా భవనం లోపలే బిగించి, 1929 అక్టోబర్‌లో పైకి లేపి నిలబెట్టారు.

ఏ కొలత పట్టుకుంటే ఆ ఊరు గెలుస్తుంది, కాబట్టి ఎత్తు గురించి ఇంతకు మించి మాట్లాడటం దండగ. ఈ రెండు స్కైలైన్లూ అసలు అంత వేరుగా ఎందుకున్నాయన్నదే నాకు ఆసక్తి. న్యూయార్క్ టవర్ల ఆకారాన్ని చాలావరకు గీసింది జోనింగ్ చట్టం, అంటే ఊళ్లో ఎక్కడ ఏం, ఎలా కట్టొచ్చో చెప్పే చట్టం. షికాగోవాటిని గీసింది స్ట్రక్చరల్ ఇంజనీర్లు, వాళ్లకి ఆ పని నేర్పింది ఊరి కింద ఉన్న బంకమట్టి.

ముందు చట్టం సంగతి. 1915లో లోయర్ బ్రాడ్‌వే మీద ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. ఎకరానికి కాస్త తక్కువ స్థలంలో, వీధి అంచు నుంచి నిట్టనిలువుగా 38 అంతస్తులు, సుమారు 12 లక్షల చదరపు అడుగులు. అంటే స్థలానికి దాదాపు ముప్పై రెట్లు. ఎండ పోయింది, వెలుతురు పోయింది, అద్దెలు పడిపోతున్నాయని చుట్టుపక్కల యజమానులు గోల పెట్టారు. చట్టం ఆలోచన అంతకు ముందు నుంచే నడుస్తోంది, ఈ భవనంతో దానికి ఊపు వచ్చింది. 1916లో వచ్చిన ఆ జోనింగ్ చట్టం గరిష్ఠ ఎత్తు ఇంతని చెప్పలేదు. ఎక్కడెంత వెనక్కి జరగాలో చెప్పింది. ఉదాహరణకి 'రెండు రెట్ల' జోన్‌లో వంద అడుగుల వీధి మీద కడుతున్నారనుకోండి. వీధి అంచున గోడ 200 అడుగుల వరకు నేరుగా లేవచ్చు. ఆ పైన ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకీ ఒక అడుగు వెనక్కి తగ్గాలి. స్థలంలో పావు వంతు మీద మాత్రం ఆకాశమే హద్దు.

1920లు, 30ల నాటి మాన్‌హట్టన్ భవనాలు మెట్లుమెట్లుగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అందం కోసం అలా కట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి లెక్క వేసి, చట్టం వదిలిన ప్రతి చదరపు అడుగూ కట్టుకున్నారు. ఎంపైర్ స్టేట్ స్థలం దాదాపు రెండెకరాలు. అందుకే ఐదో అంతస్తు దాటగానే బాగా వెనక్కి జరిగి, పావు వంతు నియమం కింద 1,250 అడుగుల దాకా ఏకబిగిన పోగలిగింది. స్థలం చిన్నదైతే ఆ పావు వంతులో లిఫ్టులు, మెట్లు, పైపులు పోను అద్దెకివ్వడానికి మిగిలేది ఏమంత ఉండదు. అలాంటి చోట్ల భవనాలు టవర్ జోలికి పోకుండా మెట్ల దగ్గరే ఆగిపోయాయి.

1961లో ఆట మారింది. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న నిష్పత్తి వచ్చింది. అన్నిటికన్నా చిక్కటి ప్రాంతాల్లో 15 రెట్లు, వీధి పక్కన జనం కోసం ఖాళీ ప్లాజా వదిలితే 18. ఈ ప్లాజా ఆలోచనకి నమూనా పార్క్ ఎవెన్యూలోని సీగ్రామ్ బిల్డింగ్, 1958 నాటిది. దాన్ని గీసిన మీస్ వాన్ డెర్ రోహె షికాగో ఆర్కిటెక్ట్! ఒక షికాగో మనిషి భవనాన్ని చూసి న్యూయార్క్ తన చట్టాన్ని తిరగరాసుకుందన్నమాట. బాకీ అప్పటికే తీరిందనుకోవచ్చు: 1922 ట్రిబ్యూన్ టవర్ పోటీలో షికాగో పత్రిక ఆఫీసు కట్టే అవకాశం కొట్టేసింది న్యూయార్క్ వాళ్లయిన హుడ్, హావెల్స్.

సీగ్రామ్ దగ్గర నిలబడితే కిటికీల మధ్య పై నుంచి కింది దాకా దిగే కంచు దూలాలు చూడండి. అవి ఏ బరువూ మోయవు. అసలు ఉక్కు లోపల కాంక్రీటుతో కప్పబడి ఉంది, అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం కప్పక తప్పదు. లోపల స్టీలు ఉందని బయటికి చెప్పడానికి అతికించిన గుర్తులవి. నిజాయితీగల నిర్మాణానికి ప్రతీకగా చెప్పుకునే భవనంలో ఇది చిన్న వింత.

సెంట్రల్ పార్క్ దక్షిణాన లేచిన సన్నటి టవర్లు ఈ నిష్పత్తి నియమం కన్న బిడ్డలే. పక్క భవనాలు వాడుకోని గాలి హక్కులు, అంటే వాటి వాటాలో ఇంకా కట్టకుండా మిగిలిన చదరపు అడుగులు, కొని ఒకే చిన్న స్థలం మీద పోగేస్తారు. 111 వెస్ట్ 57వ వీధి టవర్ వెడల్పు అరవై అడుగుల లోపు, ఎత్తు 1,428. అంటే 1కి 24. యంత్రాల అంతస్తులు నిష్పత్తి లెక్కలోకి రావు కాబట్టి, వాటిని ఖాళీగా సాగదీసి పై ఫ్లాట్లను ఇంకా ఎత్తుకి నెట్టడం మొదలైంది. ఊరికి విసుగొచ్చి, నివాస టవర్లలో 25 అడుగులు దాటిన యంత్రాల అంతస్తును 2019 నుంచి లెక్కలో కలుపుతోంది.

మాన్‌హట్టన్ గురించి ఒక మాట తరచూ వినిపిస్తుంది: మిడ్‌టౌన్‌లో, కింది కొసన రాయి పైపైనే ఉంది కనుక టవర్లు అక్కడ లేచాయని, ఆ రెంటి నడుమ రాయి లోతుగా ఉంది కనుక అక్కడ లేవలేదని. వినడానికి బాగుంటుంది. ఆర్థికవేత్త జేసన్ బార్, ఆయన సహచరులు లెక్కలు తీస్తే రాతి లోతు ప్రభావం స్వల్పమేనని తేలింది. 1899లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఆఫీసు భవనమైన పార్క్ రో బిల్డింగ్ ఇసుకలో దిగగొట్టిన చెక్క దుంగల మీదే నిలబడింది. వ్యాపారం ఎక్కడుంటే టవర్ అక్కడ లేస్తుంది, పునాది దాని వెంట పోతుంది.

షికాగోలో అలా కుదరదు. కింద మెత్తటి బంకమట్టి, గట్టి రాయి తగలాలంటే వంద అడుగుల పైనే దిగాలి. మొనాడ్‌నాక్ భవనం 1891 నాటి ఉత్తర భాగం 16 అంతస్తుల ఇటుక గోడలతోనే నిలబడింది. అడుగున ఆ గోడలు ఆరడుగుల మందం. ఆ బరువుకి కట్టడం క్రమంగా సుమారు 20 అంగుళాలు కుంగింది. ఆ ఊరికి రెండు విషయాలు తెలిసొచ్చాయి: బరువు తగ్గించాలి, లోతుకి పోవాలి. మొదటిదానికి ఉక్కు చట్రం. రెండోదానికి 'షికాగో కైసన్': మనుషులు చేత్తో బావిలా ఐదేసి అడుగులు తవ్వుతారు, గోడ కూలకుండా నిలువు చెక్కలు పేర్చి ఇనుప రింగులు బిగిస్తారు, మళ్లీ తవ్వుతారు. గట్టి పొర తగిలాక కాంక్రీటు నింపుతారు.

మెషీన్లు వచ్చాక కూడా ఈ మట్టి ఊరుకోలేదు. జాన్ హాంకాక్ సెంటర్ కడుతుండగా, 20 అంతస్తులు లేచేసరికే పునాది కుంగుబాటు మొత్తం భవనానికి ఊహించినంతకు చేరింది. కైసన్లలో కాంక్రీటు పోసిన పద్ధతిలోనే లోపం. పని ఆపి, దాని సంగతి తేల్చాకే ముందుకెళ్లారు.

ఆ హాంకాక్ నా లెక్కలో అమెరికాలోకెల్లా తెలివైన టవర్. ఢాకాలో పుట్టిన ఇంజనీర్ ఫజ్లుర్ ఖాన్, ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం కలిసి చేసిన పని. గాలి ఒత్తిడిని మోసే భారం లోపలి చట్రం మీద వదలకుండా బయటి గోడకే అప్పజెప్పారు. ముఖాల మీద కనిపించే ఒక్కో ఇంటూ గుర్తు 18 అంతస్తుల పొడవు, ప్రతిదీ నిజంగా బరువు మోస్తుంది. నూరు అంతస్తుల భవనానికి చదరపు అడుగుకి పట్టిన ఉక్కు 30 పౌండ్ల లోపే. ఎంపైర్ స్టేట్‌కి 40 పైమాటే.

సియర్స్ టవర్‌లో ఖాన్ ఇంకో అడుగు వేశాడు. 75 అడుగుల వెడల్పున్న చదరపు గొట్టాలు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరసలు, ఒకదానికొకటి అతికి ఉంటాయి. రెండు గొట్టాలు 50వ అంతస్తులో ఆగుతాయి, రెండు 66లో, మూడు 90లో, మిగతా రెండే పై దాకా పోతాయి. న్యూయార్క్ మెట్లు చట్టం వల్ల వచ్చాయి, ఈ మెట్లు సంస్థ అవసరాల వల్ల, గాలి వల్ల వచ్చాయి. కింద సియర్స్ ఉద్యోగులకి పెద్ద అంతస్తులు కావాలి, పైన అద్దెకివ్వడానికి చిన్నవి కావాలి. పైగా ఆకారం ఎత్తుతో పాటు మారుతుంటే గాలి సుడులు ఒకే లయలో కట్టవు.

ఈ సుడుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే రెండు ఊళ్లలోనూ కొత్త టవర్ల రూపం దీని చుట్టూనే తిరుగుతోంది. గాలి భవనాన్ని దాటేటప్పుడు అటొక సుడి, ఇటొక సుడి వదులుతూ పోతుంది. ఆ లయ భవనం సహజంగా ఊగే లయతో కలిసిందంటే ఊపు పెరుగుతూ పోతుంది. భవనం కూలదు, పై అంతస్తులో ఉన్నవాళ్లకి కడుపులో తిప్పుతుంది, దీపాలు ఊగుతాయి, లిఫ్టులు నెమ్మదిస్తాయి. మందులు మూడు. ఆకారం మార్చడం. గాలికి దారి వదలడం: న్యూయార్క్ 432 పార్క్ ఎవెన్యూలో ప్రతి 12 అంతస్తులకీ కిటికీల్లేని తెరిచిన భాగం, షికాగో సెయింట్ రీజిస్‌లో 83వ అంతస్తు మొత్తం ఖాళీ. మూడోది పైన బరువు పెట్టి ఎదురు ఊపడం: 57వ వీధి టవర్ నెత్తిన 800 టన్నుల డ్యాంపర్ ఉంది.

గాలి లెక్క తప్పితే ఏమవుతుందో న్యూయార్క్ సిటీకార్ప్ సెంటర్ చెబుతుంది. స్థలం మూలలో చర్చి ఉండటంతో 1977లో ఆ 59 అంతస్తుల టవర్‌ని ముఖాల నడిమధ్య నిలబెట్టిన స్తంభాల మీద ఎత్తారు. నేరుగా ముఖానికి కొట్టే గాలికి లెక్క సరిపోయింది. మూలకి కొట్టే గాలికి కొన్ని ఏటవాలు దూలాల్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది, పైగా అతుకులకు వెల్డింగ్ బదులు బోల్టులు వేశారు. 1978లో రాత్రిళ్లు, ఆఫీసులు ఖాళీ అయ్యాక, రెండంగుళాల ఉక్కు పలకలు ఆ అతుకుల మీద వెల్డ్ చేశారు. ఊరి జనానికి ఈ సంగతి 1995 దాకా తెలియదు.

షికాగో పొరపాటు రాయిలో. ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్న టవర్‌కి 1970లలో దాదాపు 43,000 కరారా పాలరాతి పలకలు తొడిగారు, మందం అంగుళంన్నర లోపే. ఎండకి వేడెక్కి, చలికి బిగుసుకుని పాలరాయి ప్రతిసారీ మునుపటి కొలతకి పూర్తిగా తిరిగి రాదు. పలుచటి పలక అలా వంపు తిరుగుతుంది, బలం తగ్గుతుంది. 1990-92 మధ్య అన్నీ పీకి రెండంగుళాల తెల్ల గ్రానైట్ వేశారు. 1,136 అడుగుల భవనానికి రెండోసారి చర్మం అన్నమాట.

నేల మీదికి దిగితే ఇంకో తేడా. షికాగోలో 1,900 మైళ్ల సందులున్నాయి, చెత్తా సరుకూ వెనకనుంచి నడుస్తాయి, భవనాల ముందు భాగం శుభ్రంగా ఉంటుంది. 1811లో మాన్‌హట్టన్ గళ్లు గీసినవాళ్లు సందులు వదల్లేదు, అందుకే నల్లటి చెత్త సంచులు కాలిబాట మీదికొచ్చాయి. షికాగోకి ఇంకో అదృష్టం సరస్సు ఒడ్డు. అక్కడ ఖాళీ వదలాలని 1836 మ్యాపులోనే రాసుకున్నారు, దాన్ని పట్టుకుని కోర్టుల్లో పోరాడి గ్రాంట్ పార్కుని కాపాడుకున్నారు. మాన్‌హట్టన్‌ని నిండుగా చూడాలంటే నది దాటి అవతలి ఒడ్డుకి పోవాలి. షికాగోని ఊరు దాటకుండానే చూడొచ్చు.

చూడటానికి వేళ ముఖ్యం. షికాగోకి ఆడ్లర్ ప్లానెటేరియం కొస మంచి చోటు, తూర్పు ఎండ టవర్ల ముఖాల మీద పడే ఉదయం వెళ్లండి. సాయంత్రం వెళ్తే సూర్యుడు వెనక ఉండి నల్లటి ఆకారాలే దొరుకుతాయి, విల్లిస్ మెట్లు లెక్కపెట్టడానికి మాత్రం అదే నయం. మిడ్‌టౌన్ మాన్‌హట్టన్‌కి తిరగేసి, సాయంత్రం న్యూజెర్సీ వైపు వీహాకెన్ గట్టు మీదికి. లోయర్ మాన్‌హట్టన్‌కి ఉదయం బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్క్. వీధి చివర అస్తమించే సూర్యుడే కావాలంటే మాన్‌హట్టన్ గళ్లు ఉత్తరానికి 29 డిగ్రీలు పక్కకి తిరిగి ఉన్నాయి కాబట్టి మే చివర, జూలై రెండో వారం చుట్టూ వెళ్లాలి. షికాగో వీధులు సరిగ్గా దిక్కులకే ఉన్నాయి, కాబట్టి మార్చి 20, సెప్టెంబర్ 22 అటూ ఇటూగా.