సముద్రం వైపు గది

"రాత్రి మెలకువ వస్తే సముద్రం కనిపిస్తుందా?" అని అమ్మ ఫోనులో అడిగింది. అప్పటికి నేను అమ్మ కోసం విహార ఓడలో కిటికీ లేని లోపలి గదికి డబ్బు కట్టబోతున్నాను. అన్నిటికన్నా చవక అదే. ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోయాను.

మళ్లీ మొదటి నుంచి చూశాను. అమెరికాలోని మయామీ నుంచి బయలుదేరే 'ఐకాన్ ఆఫ్ ద సీజ్' అనే ఓడ. 20 అంతస్తులు, 365 మీటర్ల పొడవు. టైటానిక్ 269 మీటర్లే! ఇంత పెద్ద ఓడలో బాల్కనీ గదులన్నీ సముద్రం వైపు ఉండవు. కొన్ని ఓడ నడుమ పెంచిన తోట వైపు తెరుచుకుంటాయి. తోట అందంగానే ఉంది, నిజమైన మొక్కలే. కానీ అమ్మ అడిగింది చెట్లు కాదు కదా.

ఘాట్ రోడ్డులో బస్సెక్కితేనే అమ్మకు కడుపులో తిప్పుతుంది. ఓడ ఊగితే రెండు కొసల్లోనూ పై అంతస్తుల్లోనూ కుదుపు ఎక్కువ. అందుకే కింది అంతస్తులో, సరిగ్గా మధ్యన, సముద్రం వైపు బాల్కనీ తీసుకున్నాను. అక్కడ తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు వరకు కాబట్టి ఫిబ్రవరి ప్రయాణం. ఓడ వేరే దేశాల రేవులు తిరిగి వస్తుంది, అమ్మ మళ్లీ అమెరికాలో అడుగుపెట్టాలి. ఆమె వీసాతో ఎన్నిసార్లు రావచ్చో కూడా రెండుసార్లు సరిచూశాను.

ఖర్చు అనుకున్నదానికన్నా బాగా పెరిగింది. పెరగనీ. నాన్న పోయాక అమ్మ భీమిలి తీరానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఇందాక మళ్లీ ఫోను చేసింది. గది నంబరు చెప్పించుకుని క్యాలెండరు వెనక రాసుకుంది.