నాకు తెలుసని వాడికి చెప్పకు

"నాకు తెలుసని వాడికి చెప్పకు బిడ్డా."

కొడుకు మందుల చీటీ పట్టుకొని బయటికి పోగానే అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటి ముందే ఆ కొడుకు నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మకు క్యాన్సర్ అని తెల్వదు మేడం, గడ్డ అనే చెప్పినం" అన్నాడు.

ఇవాళ నల్లగొండలో జరిగిందిది. క్యాన్సర్ రోగుల మనసులో బాధ విని సాయం చేసే పనిలో ట్రైనింగ్ తీసుకుంటున్నా. ఆ బాధ ఎంతుందో అడగడానికి మేం వాడే కాగితం మీద థర్మామీటర్ బొమ్మ ఉంటుంది. సున్నా అంటే మనసుకు ఏ బాధా లేదని, పది అంటే ఇక భరించలేనని. నాలుగు, ఆపైన చూపిస్తే ఆగి వివరంగా అడగాలి. అవ్వ ఎనిమిది మీద వేలు పెట్టింది. నొప్పా అంటే కాదంది.

"ఇంట్ల అందరు నవ్వుకుంట ఉంటున్నరు. నేను గూడ నవ్వాలె గదా."

ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమతోనే ఒకే ఇంట్లో ఎవరికి వాళ్లు ఒంటరిగా ఏడుస్తున్నారు. నిజం చెప్పెయ్యమని కొడుకుని బలవంతం చేయను. "అమ్మకు ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుందో అమ్మనే అడుగుదామా?" అని మాత్రం అడుగుతా.

1977లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ జిమ్మీ హాలండ్ రోగుల మనసు కోసమే ఒక విభాగం నడపడం మొదలుపెట్టారు. క్యాన్సర్ పేరే రోగికి చెప్పని రోజులు అక్కడా ఉండేవి.

పీహెచ్‌డీ అయ్యాక మళ్లీ ట్రైనింగ్ ఏంటని చుట్టాలు అడుగుతున్నారు. ఇది పూర్తిచేసి నల్లగొండలోనే ఉంటా. కీమోకి హైదరాబాద్ బస్సెక్కక తప్పదేమో గానీ, మనసు విప్పి మాట్లాడటానికి కూడా అంత దూరం పోవాలా?